వార్ధక్య సంకల్పము: ఒక అర్చకుని ఆత్మవిమర్శ



గడచిన కార్తికమాసములో ఒక సోమవారమునాడు రుద్రాభిషేకము ముగించి ఆసనము నుండి లేవబోగా నా కుడి మోకాలు లేవలేదు. గర్భాలయ ద్వారబంధమును పట్టుకొని కొంతసేపు అట్లే నిలిచిపోయినాను. అభిషేకమునకు కూర్చున్న దంపతులు దానిని భక్తిపారవశ్యముగా భావించి చేతులు జోడించినారు. నిజమునకు ఆ క్షణమున నా మనస్సులో ఈశ్వరుడు లేడు. ఈ మోకాలు ఇంక ఎన్ని కార్తికములు పనిచేయును, అది చేయని నాడు మా ఇంట పొయ్యి ఎట్లు వెలుగును అనే లెక్క మాత్రమే ఉన్నది. నాకు ఇప్పుడు 57వ సంవత్సరము. కొత్తపేట సమీపమున ఒక గ్రామ శివాలయములో అర్చకత్వము, దానితో పాటు చుట్టుపట్ల నాలుగు ఊళ్ళ పౌరోహిత్యము నా వృత్తి.

ఆ రాత్రి నిద్ర పట్టక మనస్సులోనే చమకము అనుసంధానము చేసికొనుచుండగా, వేల పర్యాయములు ఉచ్చరించిన పదములు మొదటిసారిగా చెవిన పడినట్లయినది. ప్రథమానువాకములో ఆయుస్సును కోరిన వెంటనే జరను కోరుతాము. జర అనగా ముసలితనమే. ఆ తరువాత అంగములను, ఎముకలను, కీళ్ళను కోరుతాము. నాలుగవ అనువాకమునకు వచ్చుసరికి వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు వరుసగా వచ్చును. ఎనిమిదేళ్ళు గురుగృహములో కృష్ణయజుర్వేదము చదువుకొని, ముప్పదియైదేళ్ళుగా ప్రతిదినము ఈశ్వరుని ముసలితనము ప్రసాదించుమని నోరార అడిగినవాడను నేను. అడిగినది ఆయన ఇచ్చుచున్నాడు. పుచ్చుకొనుటకు నేనేమి సిద్ధము చేసికొన్నాను?

వృద్ధాప్యమునకు ధనము కూర్చుకొనుట అనే విషయమును ఆధ్యాత్మిక వ్యాసములో ప్రస్తావించుట కొందరికి రుచింపకపోవచ్చును. "భగవంతుని నమ్మినవానికి రేపటి చింత ఏల?" అని అడుగుదురు. నేనును చాలాకాలము అట్లే చెప్పుచు వచ్చినాను. అందులో భక్తి ఎంత, సోమరితనము ఎంత అని విడదీసి చూచుకొనుటకే ఇది వ్రాయుచున్నాను.

రేపటి చింత లేని జీవనమును మన శాస్త్రము మెచ్చుకొన్న మాట నిజమే. మనుస్మృతి చతుర్థాధ్యాయములో గృహస్థ బ్రాహ్మణులను ధాన్యపు నిల్వను బట్టి నాలుగు విధములుగా చెప్పినారు. గాదె నిండ ధాన్యము గలవాడు కుసూలధాన్యకుడు. కుండెడు గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినములకు సరిపడ గలవాడు త్ర్యహైహికుడు. రేపటికి గింజ కూడ లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో తరువాతి తరువాతివాడు శ్రేష్ఠుడని కూడ అక్కడనే ఉన్నది. చిన్ననాడు ఈ పాఠము విన్నప్పుడు నేను అశ్వస్తనికుడనని పొంగిపోయినాను. పెద్దయిన తరువాత తెలిసినది: అశ్వస్తనికుడు రేపటికి లేకపోయినను అప్పు చేయనివాడు, ఎవరి గుమ్మము వైపు చూడనివాడు. నేను ఆషాఢము వచ్చినదంటే కిరాణా కొట్టులో ఖాతా వ్రాయించుకొనువాడను. అట్టివాడు ఆ నాలుగు తరగతులలో దేనికిని చెందడు. ఏకాదశ స్కంధములో అవధూత తేనెటీగను చూచి నిల్వ కూడదని నేర్చుకొన్న కథను కూడ మనము ప్రవచనములలో చెప్పుకొందుము. ఆ పాఠము భిక్షువునకు చెప్పినది. గృహస్థుడు దానిని తన సౌకర్యమునకు వాడుకొనుట అన్యాయము.

గృహస్థునకు చెప్పిన మాట వేరుగా ఉన్నది. ఉద్యోగపర్వములో విదురుడు ధృతరాష్ట్రునితో, రాత్రి సుఖముగా నిద్రించుటకు కావలసినది పగలే చేసికొనవలెననియు, వానకాలమునకు కావలసినది మిగిలిన ఎనిమిది నెలలలో చేసికొనవలెననియు, వార్ధక్యమునకు కావలసినది పూర్వ వయస్సులో చేసికొనవలెననియు బోధించినాడు. అష్టమ స్కంధములో శుక్రాచార్యులవారు బలిచక్రవర్తిని ఆపబోవుచు, విత్తమును ఐదు భాగములు చేయుమని చెప్పినారు: ధర్మమునకు, కీర్తికి, మరల ధనమును పెంచుటకు, భోగమునకు, స్వజనమునకు. బలి వినలేదు, సర్వమును ఇచ్చినాడు, వామనుడు ఆయన వాకిట కావలి నిలిచినాడు. కాని మనము బలిచక్రవర్తులము కాము. శుక్రుని లెక్కయే మన వంటివారికి పనికివచ్చును.

డొక్కా సీతమ్మ గారి మాట ఏమందురు అని ఒక మిత్రుడు అడిగినాడు. లంకల గన్నవరములో ఆ మహాతల్లి పెట్టిన అన్నమును మా కోనసీమ నేటికిని మరువలేదు. అయితే ఆమె పొయ్యి వెనుక జోగన్న గారి వ్యవసాయము, ధాన్యపు కొట్టు ఉన్నవి. కుసూలము ఉన్న ఇల్లు కనుకనే గోదావరి పొంగిన వేళ వచ్చిన అతిథికి కూడ విస్తరి పడినది.

మా తాతలనాడు మాకును ఒక కుసూలము ఉండెడిది. ఈశ్వరుని పేర ఉన్న సేవా ఈనాము భూమి, దాని మీద వచ్చు ధాన్యము, వంశపారంపర్యమైన అర్చకత్వము. ముసలివాడైన అర్చకుడు కుమారునికి గంట అప్పగించి అరుగు మీద కూర్చుండెడివాడు, ధాన్యము మాత్రము ఆగెడిది కాదు. ఆ ఏర్పాటుకు మేము పింఛను అని పేరు పెట్టలేదు గాని అదియే. ఈనాముల రద్దు చట్టము 1956లో వచ్చినది. తరువాత 1987 నాటి దేవాదాయ చట్టము వంశపారంపర్య హక్కులను తొలగించినది, 1996లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది, 2007లో సవరణ వచ్చినది. వీటి మంచిచెడ్డల చర్చ ఇక్కడ నా ఉద్దేశము కాదు. ఒక్కటి మాత్రము చెప్పెదను: గాదె పోయిన తరువాత కూడ మేము గాదె ఉన్నవారి వలెనే బ్రతికినాము.

మా వృత్తిలో ఇంకొక విచిత్రము ఉన్నది. శ్రావణము, కార్తికము, మాఘము, వైశాఖము మాకు పంట. ఆషాఢము, పుష్యము ఎండు. గురుమూఢము గాని శుక్రమూఢము గాని వచ్చినదంటే వివాహములు లేవు, గృహప్రవేశములు లేవు, సంభావన లేదు. ఒక్కొక్కసారి రెండు నెలలకు పైగా ఇదే స్థితి. ఏ దినమున ఆదాయము ఆగిపోవునో సంవత్సరము ముందుగా ఉగాదినాడే పంచాంగములో చదివి ఊరికి వినిపించువారము మేము. అయినను మూఢమునకు ముందు నెలలో నాలుగు రూపాయలు ప్రక్కన పెట్టిన పురోహితులను నేను వ్రేళ్ళ మీద లెక్కింపగలను. ఇక ముసలితనమనే మూఢము పంచాంగములో కనబడదు. విడుపు లేని మూఢము అది.

మా సీమవారు వార్ధక్యమును గురించి ఆలోచింపరని అనుట పొరపాటు. ఆలోచించిరి, కొబ్బరిచెట్టు రూపములో. కన్నకొడుకు చూడకపోయినను కొబ్బరిచెట్టు చూచునని ఇక్కడి ముసలివారు అనుకొనుట మీలో అనేకులు వినియే ఉందురు. నాటిన ఐదారేళ్ళకు కాపు, ఆ తరువాత అరువదేళ్ళు దింపు. ముప్పదియేళ్ళవాడు నాటినచో వానికి తొంబదియేళ్ళు వచ్చువరకు ఆదాయము. దీనికన్న సులభమైన పింఛను పథకమును ఏ ప్రభుత్వము కనిపెట్టగలదు? కాని 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానును చూచినవారికి ఆ లెక్కలోని లోపము తెలియును. తెల్లవారుసరికి తోటలకు తోటలు నేల మీద పరుండియున్నవి. మా తండ్రిగారికి ఇంటి వెనుక పదునాలుగు చెట్లు ఉండెడివి, మూడు మిగిలినవి. ఆయన ఆ ఉదయము సంధ్యావందనము చేసి, అర్ఘ్యము విడిచి, చాలాసేపు ఆ మూడు చెట్లను చూచుచు మాట్లాడలేదు. చెట్టు నమ్మకమైనదే. సర్వస్వమును ఒకేచోట నాటుటయే దోషము.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన విషయమునకు వచ్చుచున్నాను.

సుమారు పదునాలుగేళ్ళ క్రితము ఒక ప్రైవేటు డిపాజిట్ల సంస్థ మా ప్రాంతమున శాఖ తెరచినది. దాని పేరు ఇక్కడ అప్రస్తుతము. ప్రారంభోత్సవమునకు గణపతిపూజ, లక్ష్మీపూజ చేయుటకు నన్ను పిలిచినారు. పట్టుబట్టలు పెట్టినారు, 1,116 రూపాయల సంభావన ఇచ్చినారు, ఫోటో తీసినారు. నాలుగేళ్ళలో సొమ్ము రెట్టింపు అన్నారు. నేను ఆశపడి అంతవరకు కూడబెట్టినది 1,80,000 రూపాయలు విడతలుగా వేసినాను. గణితము మాకు క్రొత్త కాదు; తిథి ఘడియ విఘడియలు లెక్కకట్టువారము. నాలుగేళ్ళలో రెట్టింపు అనగా ఏటికి 19 శాతమునకు దగ్గర అని ఐదు నిమిషములలో తేల్చవచ్చును. నేడు తపాలా కార్యాలయములో కిసాన్ వికాస పత్రము రెట్టింపు కావలెనన్న 115 నెలలు పట్టును. ఆ కాలమునను ప్రభుత్వ పథకములలో దేనికిని నాలుగేళ్ళు చాలెడివి కావు. మిగిలిన సగము కాలము ఎక్కడినుండి వచ్చునని నేను అడుగలేదు. ఆశ ఉన్నచోట గణితము మౌనవ్రతము పట్టును.

ఆ శాఖ ఒక సోమవారమునాడు తెరువబడలేదు. అదే సంవత్సరములలో రాష్ట్రములో ఆగ్రిగోల్డ్ వ్యవహారము బయటపడి లక్షలాది కుటుంబములు తమ డిపాజిట్లు తిరిగి రాక అలమటించినవి కదా. దాని ముందు మా ఊరి నష్టము చిన్నది. కాని చిన్న నష్టములకు ముఖములు ఉండును. రాజోలు వైపునుండి ఒక తల్లి వచ్చినది. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఇంటిపని చేసి, కన్నబిడ్డను తల్లివద్ద వదలి, కూడబెట్టిన సొమ్ములో అధికభాగమును ఆ సంస్థలోనే వేసినది. ముసలితనములో ఎవరికిని బరువు కాకూడదని దాచుకొన్న సొమ్ము. నన్ను తిట్టుటకు వచ్చినదనుకొన్నాను. ఆమె తిట్టలేదు. ధ్వజస్తంభము ప్రక్కన నిలబడి, "ఆయ్, పంతులుగారండీ, పూజ తమరు చేసేరు కదాని ఏసేనండి. ఫోటో ఆళ్ళ గోడమీద ఉందండి" అన్నది. తిట్టినను బాగుండెడిది.

మనుష్యుడు తన ముసలితనమునకు సొమ్ము ఎక్కడ దాచుకొనవలెనని ఎట్లు నిర్ణయించును? పత్రములు చదివి కాదు. వడ్డీ లెక్కలు వేసి కూడ కాదు. నమ్మకమైన ముఖమును చూచి నిర్ణయించును. న్యాయశాస్త్రములో దీనికి స్థానము ఉన్నది: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. శబ్దము అనగా ఆప్తుని ఉపదేశము. ఆప్తుడెవరో వాత్స్యాయన భాష్యము చెప్పినది: విషయమును తాను సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పవలెననే కోరిక గలవాడు. ఈ లక్షణము ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమని కూడ అక్కడనే ఉన్నది. అనగా జాతి చేతను వేషము చేతను ఆప్తత్వము రాదు, విషయజ్ఞానము చేత వచ్చును. రుద్రము స్వరము తప్పకుండ చెప్పుటలో నేను ఆప్తుడను కావచ్చును. డిపాజిట్ల విషయములో మా ఊరి తపాలా గుమాస్తా ఆప్తుడు. నేను నోరు విప్పి ఆ సంస్థను మెచ్చుకోలేదు, కాని నా విభూతిరేఖలు నా బదులు మాట్లాడినవి. ఆ దినమునుండి దుకాణములకు, వ్యాపారములకు ప్రారంభపూజ చేయుచున్నాను గాని, ప్రజల సొమ్ము పుచ్చుకొను చోట పూజకు పోవుట మానినాను. రెండుసార్లు మంచి సంభావన వదులుకొన్నాను. అది ప్రాయశ్చిత్తము కాదు, కనీస జాగ్రత్త.

మిగిలిన ప్రశ్న: తెలిసియు ఎందుకు వాయిదా వేయుదుము? హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగము చేయు మా మేనల్లుడు ఒక సంగతి చెప్పినాడు. అమెరికాలో రిచర్డ్ థేలర్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఉన్నారు, 2017లో నోబెల్ బహుమానము పొందినారు. ఆయనయు, బెనార్ట్జి అనే మరియొక పండితుడును కలసి ఒక కర్మాగారములో ఒక ఉపాయము చేసినారట. ఈ నెల జీతములో కోత పెట్టుమన్న ఎవరును ఒప్పుకొనరు. కనుక, "రాబోవు జీతపు పెంపులో కొంత భాగమును వార్ధక్యనిధికి మళ్ళింతును" అని ముందుగా ఒప్పుకొనుమన్నారు. ఒప్పుకొన్నవారి పొదుపు 40 నెలలలో జీతమునందు 3.5 శాతము నుండి 13.6 శాతమునకు పెరిగినది. విన్న వెంటనే నాకు నవ్వు వచ్చినది. ఇది సంకల్పము కదా! మనస్సు చంచలమని తెలిసిన మన పెద్దలు ఏ కర్మకైనను ముందు దేశకాలములు చెప్పించి, గోత్రనామములు చెప్పించి, నీళ్ళు విడిపించి, "చేసెదను" అనిపింతురు. వ్రతము నడుమ మనస్సు మారినను మాట ముందుకు లాగుకొని పోవును.

మేనల్లుడు ఇంకొకటి కూడ చెప్పినాడు. మనుష్యునకు తన వృద్ధరూపము పరాయివాని వలె తోచునట. కంప్యూటరులో వయస్సు మళ్ళించిన తన ముఖమును చూపినచో ఆ ముసలివానికి ఎక్కువ సొమ్ము కేటాయించునని అక్కడివారు పరిశీలించినారట. ఇది నన్ను చాలా దినములు వెంటాడినది. గీత ద్వితీయాధ్యాయములో కౌమారము, యౌవనము, జర ఒకే దేహికి వచ్చు అవస్థలని భగవానుడు చెప్పినది మేము శవయాత్రల దగ్గర దేహాంతరమును గురించి చెప్పుటకే వాడుచున్నాము. దేహము మారకముందే, ఈ దేహములోనే, డెబ్బదియేళ్ళ నన్ను నేను అన్యునిగా చూచుచున్నాను. వాని మోకాలు వాని కర్మ అనుకొనుచున్నాను. అద్వైతము మాట అటుంచి, నాతోనే నాకు ద్వైతము.

ఆ కార్తిక సోమవారము రాత్రి ఇదంతయు మా ఇంటిదానికి చెప్పినాను. ఆమె మాట్లాడక లోపలికి పోయి, తపాలా కార్యాలయపు పాసుపుస్తకము తెచ్చి నా ముందు పెట్టినది. నెలకు 2,000 రూపాయల రికరింగ్ డిపాజిట్. హారతి పళ్ళెములోని చిల్లర, పేరంటములలో వచ్చినది, నూటపదహార్లలో పదహార్లు. రెండేళ్ళుగా కట్టుచున్నది. నాకు ఏల చెప్పలేదని అడిగినాను. "చెప్తే మీరు మళ్ళీ ఎక్కడో పూజ చేసొస్తారు" అన్నది. 6.7 శాతము వడ్డీ మీద ఐదేళ్ళు నిండునప్పటికి 1,42,000 పైచిలుకు వచ్చును. నాకు అరువదేళ్ళు నిండునాటికి అదియు పూర్తియగును. పెద్దలకు ఉన్న పొదుపు పథకములో 2023 ఏప్రిల్ నుండి 8.2 శాతము వడ్డీ ఇచ్చుచున్నారు. ఆ లెక్కన ఐదు లక్షలు వేసినచో మూడు నెలలకొకసారి 10,250 రూపాయలు వచ్చును. మాకు ఐదు లక్షలు లేవు. మూడు అగునేమో. ఒకప్పుడు వివాహమునకు నూటపదహార్లు ఘనమైన సంభావన. నేడు అది తాంబూలములో పెట్టుటకు కూడ మొగమాటము. పదేళ్ళకు ఈ వడ్డీ ఎంత కొనునో అదియు ఆలోచింపవలసినదే. ఆలస్యముగా నాటిన చెట్టు నుండి గెలలు తక్కువగానే దిగును.

గత మాఘములో ఆ రాజోలు తల్లి మరల వచ్చినది. ఈసారి కుమార్తెను వెంట తెచ్చినది. ఇరువదినాలుగేళ్ళ పిల్ల, అమలాపురములో బట్టల కొట్టులో పని. పిల్లను అటల్ పింఛనులో చేర్పింతునని, మంచిరోజు చూడుమని అడిగినది. ఎన్నో ఏళ్ళుగా బంగారము కొనుటకు, బండి కొనుటకు ముహూర్తములు పెట్టినాను. ముసలితనమునకు ముహూర్తము అడిగినవారు ఆమెయే మొదలు. నేను వెంటనే పంచాంగము తీయలేదు. రెండు దినములు గడువు అడిగి, బ్యాంకుకు పోయి ఆ పత్రము తెచ్చి మొదటినుండి చివరివరకు చదివినాను. 2015లో వచ్చిన పథకము, 18 నుండి 40 ఏళ్ళవారికే ప్రవేశము. అప్పటికే నాకు అది దాటిపోయినది. నెలకు 5,000 రూపాయల పింఛనుకు 18 ఏట చేరిన 210 రూపాయలు, 40వ ఏట చేరిన 1,454 రూపాయలు. ఈ పిల్లకు 346. అరువదేళ్ళు నిండిన తరువాతనే పింఛను. ఆదాయపు పన్ను కట్టువారికి 2022 అక్టోబరు నుండి ప్రవేశము లేదు. ఖాతాలో ప్రతి నెల సొమ్ము నిల్వ ఉండవలెను, లేనిచో జరిమానా. ముప్పదియారేళ్ళ తరువాత 5,000 రూపాయలు నేటి 5,000 కాదనియు, ఇది ఒక్కటియే చాలదనియు చెప్పినాను. నాకు తెలిసినది ఇంతే, తక్కినది బ్యాంకు వారిని అడుగుమన్నాను.

తల్లి అంతయు విని, "అయితే రోజెప్పుడండి?" అన్నది. పంచాంగము విప్పి గురువారము, దశమి చెప్పినాను. జీతము వచ్చిన మరునాడు సొమ్ము కోత పడునట్లు వ్రాయించుమని పిల్లకు చెప్పినాను. పిల్ల ఫోనులో గుర్తు పెట్టుకొన్నది.

వెళ్ళబోవుచు తల్లి ధ్వజస్తంభము దగ్గర ఆగి వెనుకకు చూచినది. "మరి తమరికేటి చూసుకున్నారండీ?"

పాసుపుస్తకము సంగతి చెప్పినాను. ఎవరు కట్టుచున్నారో కూడ చెప్పినాను. ఆమె నవ్వి, "అమ్మగారికి నా దండాలు చెప్పండి" అని పిల్ల చేయి పట్టుకొని మెట్లు దిగినది.